ఇంటర్ ఎంపీసీ తర్వాత మ్యాథ్స్ డిగ్రీ: ఎక్కడ చదవాలి, చదివాక ఏం చేయొచ్చు

లెక్కలంటే ఇష్టం ఉండి, ఇంజనీరింగ్ మీద మాత్రం మనసు లేని ఎంపీసీ పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఇంట్లో మొదట ఎదురయ్యే ప్రశ్న, "బీఎస్సీ చేసి ఏం చేస్తావు, టీచర్ అవుతావా?" అడగడంలో తప్పేమీ లేదు, పిల్లల భవిష్యత్తు కదా. ఇబ్బంది ఎక్కడంటే, జవాబు చెప్పడానికి కావలసిన వివరాలు చాలా ఇళ్ళలో ఎవరి దగ్గరా ఉండవు. ఎంసెట్ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందో చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) పరీక్ష ఎలా ఉంటుంది, ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ రాస్తే ఏమొస్తుంది, స్టాటిస్టిక్స్ లేకుండా బీఎస్సీ చేస్తే ఏ తలుపు మూసుకుపోతుంది అని చెప్పేవాళ్ళు దొరకరు.

నేను డిగ్రీ పిల్లలకు మ్యాథ్స్ చెప్పేవాణ్ణి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మ్యాథ్స్ డిగ్రీ అనే ఒక్క పేరు కింద కనీసం నాలుగు వేరువేరు చదువులున్నాయి. వాటిని కాలేజీ పేరు చూసి కాక మూడు విషయాలు చూసి పోల్చాలి: అక్కడ నిరూపణలు (ప్రూఫ్‌లు) రాయిస్తారా, స్టాటిస్టిక్స్ ఉందా, ప్రోగ్రామింగ్ ఒంటబడుతుందా. వీటితోపాటు మీ ఇంటి పరిస్థితి ఒకటి. ఇరవై ఒకటో ఏట జీతం తప్పనిసరా, లేక ఇంకో రెండు మూడేళ్ళు చదివించే వీలుందా? ఈ నాలుగూ తేలితే ఎంపిక దాదాపు తేలినట్టే.

ముందు ఇది తేల్చుకోండి: మీకు నచ్చింది ఏ లెక్కలు?

ఎంసెట్‌లో, ఇప్పటి పేరు ఈఏపీసెట్, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో 80 లెక్కలవే. ఐఎస్‌ఐ ప్రవేశ పరీక్షలో రెండో పేపర్‌కి రెండు గంటల టైమ్, ప్రశ్నలు ఎనిమిదే. ఒక్కో ప్రశ్నకి పావుగంట అన్నమాట. ఆప్షన్లు ఉండవు, జవాబంతా మీరే వాక్యాల్లో రాయాలి. ఎంసెట్‌లో వందలోపు ర్యాంకు తెచ్చుకోగల పిల్లవాడు ఇక్కడ కలం కదపలేకపోవచ్చు. ఎంసెట్‌లో ఓ మాదిరి ర్యాంకుతో ఆగిపోయి, ఒకే లెక్కను రెండు రోజులు పట్టుకుని కూర్చునే అమ్మాయికి ఇదే పేపర్ ఆనందంగా ఉండొచ్చు.

తేడా ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూడండి. ఇంటర్‌లో ఏళ్ళ తరబడి 1బీ పేపర్లో చెప్పిన రోల్ సిద్ధాంతం గుర్తుందా? ఒక ప్రమేయం ఇచ్చి, ఒక అంతరం ఇచ్చి, "రోల్ సిద్ధాంతాన్ని సరిచూడుము" అంటారు. అవిచ్ఛిన్నం అని ఒక వాక్యం, అవకలనీయం అని ఒక వాక్యం, చివరల విలువలు సమానం అని ఒక వాక్యం రాసి, అవకలజాన్ని (డెరివేటివ్‌ని) సున్నాకి సమానం చేస్తే మార్కులు వచ్చేస్తాయి. ఈ మూడూ ఉంటే మధ్యలో ఎక్కడో ఒకచోట అవకలజం సున్నా అవుతుందన్నదే ఆ సిద్ధాంతం. డిగ్రీలో అడిగేది వేరు: ఆ మూడు నియమాల్లో ఒకటి తీసేస్తే సిద్ధాంతం నిలుస్తుందా? నిలవదంటే ఉదాహరణ చూపించు.

సున్నా నుంచి 1 దాకా ఒక ప్రమేయం తీసుకుందాం. 1కి ముందు ప్రతి చోటా ఎక్స్ ఎంతో ప్రమేయం విలువ కూడా అంతే. సరిగ్గా 1 దగ్గర మాత్రం విలువ సున్నా. ఇప్పుడు రెండు చివర్లలోనూ విలువ సున్నాయే. మధ్యలో ప్రతి బిందువు దగ్గరా అవకలజం ఉంది. అయినా అవకలజం సున్నా అయ్యే బిందువు ఒక్కటీ లేదు, ఎక్కడ చూసినా 1. ఏం జరిగింది? 1 దగ్గర గ్రాఫు తెగింది, అవిచ్ఛిన్నత పోయింది. ఒక్క చివరి బిందువు దగ్గర తెగినందుకే సిద్ధాంతమంతా కూలిపోయింది. "ఓహో, అందుకా సంవృతాంతరం అని అంత పట్టుబట్టి రాసేవాళ్ళం!" అని మీకు అనిపిస్తే, మూడేళ్ళయినా ఐదేళ్ళయినా మ్యాథ్స్ మీకు విసుగు పుట్టించదు. "పరీక్షలో రానిదానికి ఇంత గొడవెందుకు" అనిపించినా తప్పేం లేదు. అప్పుడు మీకు నచ్చుతున్నది లెక్క చేసే వేగం. దానికి పనికొచ్చే దారులు వేరే ఉన్నాయి, కింద చెబుతాను.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఐఎస్‌ఐ, సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) రెండింటి పాత ప్రశ్నపత్రాలూ వాళ్ళ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున రాతపూర్వక ప్రశ్నలు రెండు తీసుకుని కూర్చోండి. సాధించారా లేదా అన్నది అప్పుడే చూడకండి. గంట తర్వాత కూడా ఇంకా చేయాలనిపిస్తోందా లేదా చూడండి.

ఐఎస్‌ఐ, సీఎంఐ: మన పిల్లలు తక్కువగా రాసే పరీక్షలు

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ని 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తాలో స్థాపించారు. 1959లో పార్లమెంటు చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. ఇంటర్ తర్వాత చేరే పాత కోర్సులు రెండు: కోల్‌కతాలో బీస్టాట్, బెంగళూరులో బీమ్యాథ్. ట్యూషన్ ఫీజు లేదు, పైగా చదువు బాగా సాగితే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. సీట్లు కొద్ది.

తెలుగువాళ్ళకి ఈ సంస్థ పరాయిది కాదు. సి.ఆర్. రావు గారి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం మీదుగా సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. సైన్యానికి సంబంధించిన గణిత ఉద్యోగం దొరకలేదు గానీ, అక్కడే ఐఎస్‌ఐ గురించి తెలిసింది. చేరారు. 1945లో అచ్చయిన ఆయన పరిశోధనా పత్రంలోంచే క్రేమర్-రావు అవధి వచ్చింది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దాని హద్దు చెప్పే ఫలితం అది, ఇవాళ్టికీ ప్రతి స్టాటిస్టిక్స్ క్లాసులో చెబుతారు. 2023లో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. ఉద్యోగం కోసం వెళ్ళిన మనిషికి దారిలో ఆ సంస్థ దొరికింది. ఇప్పటి పిల్లలకి ముందే తెలిసే అవకాశం ఉన్నా తెలియకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

బీస్టాట్, బీమ్యాథ్ రెండూ వస్తే ఏది? ఉద్యోగాల మాట కొస్తే బీస్టాట్ ముందుంటుంది. సంభావ్యత, స్టాటిస్టిక్స్, కంప్యూటింగ్ కలిసి వస్తాయి, తర్వాత అక్కడే ఎంస్టాట్‌కి వెళ్ళొచ్చు, ఎంస్టాట్ వాళ్ళని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయి. బీజగణితం, విశ్లేషణ, జ్యామితి మీద మనసున్నవాళ్ళు, పీహెచ్‌డీ దాకా వెళ్దామనుకునేవాళ్ళు బీమ్యాథ్ తీసుకోవాలి. ఇంకా తేలలేదంటే బీస్టాట్ మేలు. బీస్టాట్ చేసి శుద్ధ గణితం వైపు మళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు.

చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ 1989లో సి.ఎస్. శేషాద్రి గారి చొరవతో మొదలైంది. ఇప్పుడు చెన్నై శివార్లలోని సిరుసేరిలో ఉంది. అక్కడి బీఎస్సీ ఆనర్స్‌లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి చెబుతారు. కంప్యూటర్ సైన్స్ అంటే కోడింగ్ ఒక్కటే అనుకునే చోట అల్గారిథమ్‌ని నిరూపణతో సహా నేర్పడం వీళ్ళ ప్రత్యేకత. లెక్కలూ కావాలి, సాఫ్ట్‌వేర్ తలుపూ తెరిచి ఉండాలి అనుకునేవాళ్ళకి, సీటు వస్తే, దేశం మొత్తంలో దీనికంటే మంచి డిగ్రీ నేను చెప్పలేను. ఫీజు ఉంటుంది, స్తోమత లేనివాళ్ళకి, బాగా చదివేవాళ్ళకి మినహాయింపులూ ఉంటాయి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలకైతే హైదరాబాద్ కంటే దగ్గర.

ఒక హెచ్చరిక. ఈ రెండు చోట్లా మొదటి సెమిస్టర్ కష్టం. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నవాళ్ళకి మొదటి పరీక్షలో వందకి ముప్ఫై రావడం మామూలే. ఆ మార్కులు చూసి ఇంటికి వచ్చేయాలనుకునే పిల్లలుంటారు. తల్లిదండ్రులు అప్పుడు ఫోన్‌లో ధైర్యం చెప్పగలగాలి.

ఐసర్ తిరుపతి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ: ఐదేళ్ళ దారి

సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థల్లో ఒకటైన ఐసర్ తిరుపతి 2015లో మొదలైంది, క్యాంపస్ ఏర్పేడు దగ్గర. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. దీనికి రాసే ఐఏటీ పరీక్షలో 60 ప్రశ్నలు: లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఒక్కోదానికి 15. ఎంపీసీ పిల్లలు ఆ బయాలజీ పదిహేను చూసి వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు, మిగతా 45 బాగా చేస్తే సీటు వస్తుంది. కాకపోతే చేరాక కూడా మొదట్లో అన్ని సైన్సులూ చదవాలి. లెక్కలు మాత్రమే కావాలనేవాళ్ళకి అది శిక్షలా ఉంటుంది. ఫిజిక్సా లెక్కలా తేల్చుకోలేనివాళ్ళకి అది వరం.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశం సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఫీజు తక్కువ, హాస్టల్ ఉంది, అదే స్కూల్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండు వైపుల అధ్యాపకులూ ఉన్నారు. ఇంటికి దగ్గర్లో ఉండాలి, చదువు గట్టిగా ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి అనే మధ్యతరగతి కుటుంబానికి నేను మొదట చెప్పే పేరు ఇదే. సీట్లు తక్కువ కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

బీటెక్ మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్ళకి ఐఐటీ ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ వంటి చోట్ల ఈ బ్రాంచి ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ కూడా 2022లో ఇదే పేరుతో బీటెక్ మొదలుపెట్టింది. ప్లేస్‌మెంట్లలో కంప్యూటర్ సైన్స్‌కి దగ్గరగా నడుస్తుంది. ఇంట్లోవాళ్ళని ఒప్పించడమూ సులువు, బీటెక్ అన్న మాట ఉంది కదా. మ్యాథ్స్ ఎంత లోతుగా చెబుతారన్నది మాత్రం ఐఐటీని బట్టి మారుతుంది. సిలబస్ తెరిచి రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో చూడండి. ఒక్కొక్కటే ఉంటే అది లెక్కల రుచి తగిలిన కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అనుకోవాలి. వేగంగా లెక్క చేయడం నచ్చి, నిరూపణలు అంతగా నచ్చని పిల్లలకి ఇదే సరైన చోటు.

సొంత ఊళ్ళో బీఎస్సీ: ఎక్కువమంది చేరేది ఇక్కడే

పైన చెప్పిన సీట్లన్నీ కలిపినా కొద్దే. లెక్కలు ఇష్టపడే పిల్లల్లో చాలామంది చేరేది జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని ఏ ప్రైవేటు కాలేజీలోనో. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

తెలంగాణలో దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి) ద్వారా చేరేటప్పుడు వెబ్ ఆప్షన్లలో గ్రూపు ఎంచుకోవడం దగ్గరే సగం భవిష్యత్తు తేలిపోతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్న పాత ఎంపీసీ గ్రూపు. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఉన్న గ్రూపు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఉన్న గ్రూపు. లెక్కలే ప్రధానం అనుకునేవాళ్ళు మూడోది తీసుకోవాలని నా గట్టి సలహా. ఫిజిక్స్ అంటే ప్రాణం, అందులోనే పీజీ చేస్తాననుకుంటే తప్ప మొదటి రెండింటికీ వెళ్ళక్కర్లేదు. కారణం ఉద్యోగాల భాగంలో చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి (ఒక సబ్జెక్టు ప్రధానం, ఇంకొకటి అనుబంధం) వచ్చింది. ఆ పద్ధతిలో మ్యాథ్స్ మేజర్ తీసుకుని, మైనర్‌గా స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ పెట్టుకోండి. కాలేజీ ఏ మైనర్లు ఇస్తోందో చేరేముందే అడగాలి, చేరాక మార్చుకోవడం కష్టం.

కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? బయటి ఫ్లెక్సీలు చూసి తెలియదు. రెండో ఏడాది చదివే పిల్లల్లో ఒకరిని పలకరించి, రియల్ అనాలిసిస్ నోట్‌బుక్ చూపించమనండి. ఎప్సిలాన్, డెల్టాలతో రాసిన నిరూపణల మీద లెక్చరర్ దిద్దిన గుర్తులుంటే, "ఈ అడుగు ఎలా వచ్చింది?" అని పక్కన రాసి ఉంటే, కళ్ళు మూసుకుని చేరిపోండి. నోట్‌బుక్ బదులు "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" జిరాక్స్ బొత్తి చూపిస్తే, ఆ కాలేజీలో డిగ్రీ వస్తుంది గానీ లెక్కలు మీరే నేర్చుకోవాలి. అదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఉంటే కొంత మేలు, లైబ్రరీలో పుస్తకాలుంటాయి, సీనియర్లుంటారు.

మామూలు కాలేజీలో చదువుతూనే పై స్థాయికి చేరే దారులు గట్టిగానే ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఎంటీటీఎస్. 1993లో ఎస్. కుమరేశన్ గారు మొదలుపెట్టిన వేసవి శిక్షణ ఇది. ఆయన తర్వాతి కాలంలో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా పనిచేశారు. ఎంపికైన పిల్లల్ని నాలుగు వారాల పాటు ఒక చోట కూర్చోబెట్టి, నోట్స్ చెప్పకుండా, ప్రశ్నలు వేస్తూ వాళ్ళ చేతే సిద్ధాంతాలు రాబట్టిస్తారు. అక్కడికి వెళ్ళొచ్చిన పిల్లలు క్లాసులో ప్రశ్నలు అడిగే తీరే మారిపోతుంది. మీ కాలేజీలో ఎవరూ దీని పేరు చెప్పకపోవచ్చు, మీరే దరఖాస్తు చేయాలి.

తర్వాత జామ్. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే పరీక్ష ఇది, డిగ్రీ చివరి ఏడాది ఫిబ్రవరిలో ఉంటుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మ్యాథ్స్ పేపర్ వేరు, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ వేరు. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి రెండింటిలోనూ ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఉంది, వరంగల్ ఎన్‌ఐటీ ఎమ్మెస్సీ సీట్లకి కూడా జామ్ స్కోరే కావాలి. మారుమూల డిగ్రీ కాలేజీలో చదివినా ఈ ఒక్క పరీక్షతో పాత కాలేజీ పేరు ఎవరూ అడగని స్థితికి చేరుకోవచ్చు. రెండో ఏడాది నుంచే మొదలుపెట్టండి, చివరి ఏడాది డిసెంబర్‌లో మొదలుపెడితే చాలదు.

మన పిల్లలు పెద్దగా పట్టించుకోని ఇంకో దారి నిమ్‌సెట్. వరంగల్‌తో సహా ఎన్‌ఐటీల్లో ఎంసీఏకి రాసే పరీక్ష. మార్కుల్లో ఎక్కువ భాగం లెక్కలవే కాబట్టి బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలకి సహజంగానే బలం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గమ్యమైతే, పేరులేని ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళ బీటెక్ కంటే బీఎస్సీ చేసి ఎన్‌ఐటీలో ఎంసీఏ చేయడం నా లెక్కలో మంచి బేరం.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీని కూడా చాలామంది కాలేజీ చదువుతోపాటు చేస్తున్నారు. ప్రోగ్రామింగ్ లోటు తీరుతుంది. రెండు చదువుల బరువు మోయగలమా అని నిజాయితీగా చూసుకుని చేరండి.

తెలుగు మీడియం పిల్లలకి ఒక మాట. మీ భయం ఇంగ్లిష్ గురించి అయితే, లెక్కల నిరూపణలో వాడే ఇంగ్లిష్ చాలా కొద్ది. "అనుకుందాం", "కాబట్టి", "ఇది విరుద్ధం" లాంటి మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. రోజుకొక నిరూపణ చేత్తో రాస్తే ఒక సెమిస్టర్‌లో అలవాటైపోతుంది.

చదివాక ఏం చేయొచ్చు

బోధన సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. బీఎస్సీ, బీఈడీ, టెట్ ఉంటే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌కి పోటీ పడొచ్చు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే పెద్ద సమస్య. ముందే టీచర్ అవ్వాలని తేల్చుకున్నవాళ్ళకి నాలుగేళ్ళ ఐటెప్ కోర్సు ఉంది, బీఎస్సీ, బీఈడీ కలిసి వస్తాయి, ఒక ఏడాది మిగులుతుంది. వరంగల్ ఎన్‌ఐటీలోనూ ఉంది, ఎన్‌సెట్ అనే పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ చేస్తే జూనియర్ లెక్చరర్, నెట్ గానీ సెట్ గానీ పాసైతే డిగ్రీ లెక్చరర్. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో జేఈఈ లెక్కలు బాగా చెప్పేవాళ్ళకి ప్రభుత్వ జీతాల్ని మించి ఇచ్చే సందర్భాలున్నాయి. అక్కడ పని గంటలు ఎక్కువ, ఏడాది ఏడాదికీ ఫలితాల ఒత్తిడి ఎక్కువ. ఒంట్లో ఓపిక ఉన్న వయసులో కొన్నేళ్ళు చేయొచ్చు.

ఇక స్టాటిస్టిక్స్ ఎందుకు తీసుకోమన్నానో చూడండి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ గ్రూప్ ఏ కేంద్ర ఉద్యోగం. వయసు 21 నుంచి 30. రాత పరీక్ష 1000 మార్కులకి: ఇంగ్లిష్ వంద, జనరల్ స్టడీస్ వంద, మిగతా 800 స్టాటిస్టిక్స్. ఇంటర్వ్యూ 200. దీనికి డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో బంగారు పతకం తెచ్చుకున్న అమ్మాయికి డిగ్రీ మీద ఈ పరీక్షకి అర్హత లేదు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో మామూలుగా పాసైన అబ్బాయికి ఉంది. పదిహేడేళ్ళ వయసులో వెబ్ ఆప్షన్లలో నొక్కిన ఒక్క బటన్ తేడా ఇది. సివిల్స్‌తో పోలిస్తే పోటీపడేవాళ్ళు చాలా తక్కువ, సిలబస్ మీరు చదివిందే. రిజర్వ్ బ్యాంకులో స్టాటిస్టిక్స్ విభాగం ఆఫీసర్ పోస్టులకి కూడా పీజీ స్థాయిలో ఇదే నేపథ్యం కావాలి. ఎస్సెస్సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకైతే ఏదైనా డిగ్రీ ఉండి, ఇంటర్ లెక్కల్లో 60 శాతం ఉన్నా చాలు.

యాక్చువరీ వృత్తి గురించి మన దగ్గర తెలిసినవాళ్ళు తక్కువ. బీమా కంపెనీలు ప్రీమియం ఎంత వసూలు చేయాలి, ఎంత నిల్వ ఉంచుకోవాలి అన్నది లెక్కకట్టే నిపుణులు వీళ్ళు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే ఏసెట్ రాసి లోపలికి వెళ్ళాలి, ఇంటర్ అయ్యాక రాయొచ్చు. ఆ తర్వాత పేపర్లు ఒక్కొక్కటిగా పాసవ్వాలి, ఫెలో అయ్యేసరికి ఏళ్ళు పడుతుంది. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ తరహా చదువు ఎలా ఉంటుందో తెలుసు. యాక్చురియల్ సైన్స్‌లో యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నంత మాత్రాన యాక్చువరీ అయిపోరు, ఈ పేపర్లే ముఖ్యం. లక్షల ఫీజు పోసి పేరు చూసి చేరేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డేటా ఉద్యోగాల మీద ఆశలు ఎక్కువ, అపోహలూ ఎక్కువే. హైదరాబాద్‌లో విదేశీ బ్యాంకులు, బీమా, మందుల కంపెనీల పెద్ద కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి అవకాశాలు నిజమే. కానీ బీఎస్సీ మ్యాథ్స్ పట్టా ఒక్కటే చూసి ఎవరూ డేటా సైంటిస్టుగా తీసుకోరు. ఎస్‌క్యూఎల్, పైథాన్ చేతిలో ఉండాలి, ఒక నిజమైన డేటా తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసిన పని ఒకటైనా చూపించగలగాలి. అవి ఉన్నప్పుడు మీ మ్యాథ్స్ మిగతావాళ్ళ కంటే ముందుంచుతుంది, మోడల్ ఎందుకు తప్పుతోందో మీకు తెలుస్తుంది కాబట్టి. డిగ్రీ అవగానే జీతం కావాల్సినవాళ్ళకి విప్రో విల్ప్ లాంటి పథకాలున్నాయి, బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్ళని తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తారు. మొదట్లో జీతం తక్కువ, కొన్నేళ్ళు ఉండాలన్న ఒప్పందం ఉంటుంది. ఇంట్లో డబ్బు అవసరం ఉన్న పిల్లలకి ఇది గౌరవమైన దారి.

పరిశోధన వైపు వెళ్ళేవాళ్ళకి సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు. ఆ తర్వాత కూడా పర్మనెంట్ ఉద్యోగానికి ఆగాల్సి రావొచ్చు. లెక్కలు చేయకుండా ఉండలేను అనేవాళ్ళే ఇటు రావాలి, వచ్చినవాళ్ళకి ఇంతకంటే తృప్తి ఉన్న పని నాకు కనబడలేదు.

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక తేడా గమనించాలి. డేటా సైన్స్ ఎంఎస్‌కి మనవాళ్ళు ఎక్కువగా అప్పు చేసి వెళ్తారు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకి మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి, బోధనా సహాయకుడిగా జీతం ఇచ్చి తీసుకుంటాయి. అక్కడ చాలా చోట్ల పదహారేళ్ళ చదువు అడుగుతారు కాబట్టి మూడేళ్ళ బీఎస్సీ చాలకపోవచ్చు, నాలుగేళ్ళ ఆనర్స్ గానీ ఎమ్మెస్సీ గానీ ఉండాలి.

నన్నడిగితే

నిరూపణలు నచ్చి, ఇంట్లో ఐదేళ్ళు చదివించే వీలుంటే: ఐఎస్‌ఐ, సీఎంఐ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐసర్, నాలుగింటికీ రాయండి. లెక్కలు ఇష్టమే గానీ ఉద్యోగం తొందరగా కావాలంటే: స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఉన్న బీఎస్సీ, దానితోపాటు ప్రోగ్రామింగ్, చివర్లో నిమ్‌సెట్ గానీ క్యాంపస్ గానీ. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే స్టాటిస్టిక్స్ వదలొద్దు. జేఈఈ ర్యాంకు బాగుండి కోడింగ్ కూడా ఇష్టమైతే మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్.

ఐఎస్‌ఐ, సీఎంఐ పరీక్షలు మే నెలలో ఉంటాయి, దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే, సరిగ్గా ఇంటర్ పబ్లిక్ పరీక్షల సమయంలో తెరుస్తారు. చాలామందికి తప్పిపోయేది అక్కడే, కాబట్టి ఆ ఫారాలు నింపే పని ఇంట్లో పెద్దవాళ్ళు తీసుకుంటే మంచిది. ఇప్పటికే ఏదో ఒక కాలేజీలో బీఎస్సీ మొదటి ఏడు పూర్తి చేసి, "ఇవన్నీ నాకు అప్పుడు తెలియలేదే" అనుకుంటున్నవాళ్ళకి జామ్ ఉంది. దానికి వయోపరిమితి లేదు, దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి. సిలబస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ రెండింటితో ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.